వాన ఒక ఊళ్లో, వరద ఇంకో ఊళ్లో



ఇవాళ మంచు తుపాను గురించి మొదలుపెట్టి మోరంచ వాగు దగ్గరికి వస్తాను. జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో కూర్చుని వింటున్న మీకు మంచు తుపానుతో ఏం పని అనిపించవచ్చు. మనకు తెలిసిన మంచు రెండే రకాలు. ఒకటి ధనుర్మాసంలో తెల్లవారుజామున పొలాల మీద పరుచుకునే పొగమంచు. రెండోది రాళ్లవాన. 2022 జనవరిలో, సంక్రాంతికి ముందు, నర్సంపేట, పరకాల దిక్కున పడ్డ రాళ్లవాన మిర్చి తోటలను ఏం చేసిందో ఆ రైతులు ఇంకా మరిచిపోలేదు. అయినా అమెరికాలో ఒక పెద్ద సరస్సు ఒడ్డున పడే మంచు గురించి ఐదు నిమిషాలు చెబుతాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

అమెరికాకూ కెనడాకూ మధ్య ఈరీ అనే సరస్సు ఉంది. పొడవు సుమారు 390 కిలోమీటర్లు, వెడల్పు 90 దాకా. దాని తూర్పు కొసన బఫెలో నగరం. అక్కడి యూనివర్సిటీలో చదువుకునే మన పిల్లలు ఏటా ఉంటారు, కాబట్టి వింటున్న వాళ్లలో కొందరి ఇళ్లకు ఆ పేరు కొత్త కాదు. ఎండాకాలమంతా వేడెక్కిన సరస్సు నవంబరు నాటికి కూడా పూర్తిగా చల్లబడదు. అప్పుడు ఉత్తర ధ్రువం దిక్కు నుంచి గడ్డకట్టించే గాలి దాని మీదుగా వస్తుంది. కింద గోరువెచ్చని నీళ్లు, పైన మంచుగాలి. సరస్సు నీటికీ, దానికి కిలోమీటరున్నర ఎత్తులో ఉన్న గాలికీ మధ్య సుమారు 13 డిగ్రీల తేడా వచ్చిందంటే చాలు, నీళ్ల నుంచి ఆవిరి లేచి, మేఘమై, ఒడ్డు చేరగానే మంచుగా కురుస్తుంది. గాలి సరస్సు పొడవునా వీస్తే ఆవిరి పోగుచేసుకునే దారి కూడా పొడుగవుతుంది. ఆ మంచంతా ఒక సన్నని పట్టీలో, కొన్ని కిలోమీటర్ల వెడల్పున, గంటల తరబడి ఒకే చోట పడుతుంది. సరస్సు పూర్తిగా గడ్డకడితే ఇక ఆవిరి లేదు, ఆ బెడదా చాలావరకు తగ్గుతుంది.

నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ పట్టీయే. 2014 నవంబరులో బఫెలోకు దక్షిణాన ఉన్న ఊళ్లలో మూడు నాలుగు రోజుల్లో ఐదడుగుల నుంచి ఏడడుగుల దాకా మంచు పడింది. అక్కడికి కొద్ది కిలోమీటర్ల ఉత్తరాన జనం బూట్లు తడవకుండా ఆఫీసులకు వెళ్లారు. ఊరవతల తెల్లని గోడలా నిలబడ్డ మేఘాన్ని ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. ఆ గోడకు అవతల పెద్ద రహదారి మీద కార్లు కప్పుల దాకా కూరుకుపోయి, లోపల మనుషులు రాత్రుళ్లు గడిపారు. 2022 నవంబరులో మళ్లీ అదే దక్షిణ శివార్లలో ఆరున్నర అడుగులు దాటింది. ఆ తర్వాతి నెల, క్రిస్మస్ రోజుల్లో, మంచుకు పెనుగాలి తోడైంది. బఫెలో ఉన్న ఈరీ కౌంటీలో 40 మందికి పైగా చనిపోయారు. కార్లలో చిక్కుకున్న వాళ్లు, కరెంటు పోయి ఇళ్లలో చలికి బిగుసుకుపోయిన వాళ్లు, అంబులెన్సు రాలేక చనిపోయిన వాళ్లు. మంచుకు అలవాటుపడ్డ ఊరు అది. మంచు తోసే బండ్లున్న ఊరు. అయినా.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

2023 జులై 27, గురువారం ఉదయం ఎనిమిదిన్నరతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. పక్క జిల్లా భూపాలపల్లిలోని చిట్యాలలో 61 దాటింది. అంతకుముందు తెలంగాణలో ఒక్క రోజు వానకు రికార్డు 2013 జులైలో వాజేడులో పడ్డ 51 సెంటీమీటర్ల చిల్లర. రాష్ట్రం మొత్తానికి ఏడాది పొడవునా పడే సగటు వాన 90 సెంటీమీటర్లకు అటూ ఇటూ. అంటే పన్నెండు నెలల వానలో మూడింట రెండు వంతులకు పైగా ఒక్క పగలూ ఒక్క రాత్రీ కలిపి పడిందన్నమాట.

అంకెలు వినడానికి బాగుంటాయి గానీ కంటికి కనపడవు. కాబట్టి ఎకరం లెక్కన చూడండి. ఒక ఎకరం మీద 65 సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే అవి 26 లక్షల లీటర్లు. పెళ్లిళ్లకు తెప్పించుకునే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఐదు వందలకు పైగా ఒకే ఎకరంలో గుమ్మరించినట్టు. మంచు లెక్కలో చెప్పాలంటే, మామూలుగా ఒక సెంటీమీటరు వాన పది సెంటీమీటర్ల మంచుకు సమానం. లక్ష్మీదేవిపేటలో పడ్డది మంచే అయితే అది ఇరవై ఒక్క అడుగులు. ప్రపంచమంతా టీవీల్లో చూసిన బఫెలో ఏడడుగులకు మూడు రెట్లు. మంచయితే పడ్డ చోటే పడి ఉంటుంది, పార పట్టుకుని తోడుకోవచ్చు. నీళ్లు పడ్డ చోట ఉండవు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

ఆ రాత్రి అంత వాన ఎలా పడింది? బంగాళాఖాతంలో, ఆంధ్ర, ఒడిశా తీరాలకు దగ్గర్లో అల్పపీడనం బలపడి ఉంది. అటు అరేబియా సముద్రం దిక్కు నుంచి వచ్చే తేమగాలీ, ఇటు బంగాళాఖాతం గాలీ మన గోదావరి లోయ మీద కలుసుకున్నాయి. మేఘాలు ఒక్కటొక్కటిగా వరుస కట్టి ఒకే దారిన నడిచాయి. ముందరి మేఘం కురిసి పోయేలోపు వెనకది వచ్చి అక్కడే కురిసింది. ఈరీ సరస్సు చేసే పని ఇక్కడ సముద్రం చేసింది. పట్టీ మాత్రం అలాంటిదే. ఆ రాత్రి జనగామలో కూడా వాన పడింది. కానీ చిట్యాలలో పడ్డది జనగామలో కూర్చున్న మనిషి ఊహకు అందేది కాదు.

ఇక మోరంచపల్లి. పరకాల నుంచి భూపాలపల్లి వెళ్లే రహదారి మీద, మోరంచ వాగు పక్కన ఉన్న ఊరు. బుధవారం రాత్రి అన్నం తిని పడుకున్న ఊరు గురువారం తెల్లవారకముందే నీళ్లలో లేచింది. ఇంట్లోకి నీళ్లు రావడం అంటే మనకు గడప దాటి మెల్లగా పాకడం గుర్తొస్తుంది. అక్కడ అలా కాలేదు. మోకాలు, నడుము, ఛాతీ అంటూ లెక్కపెట్టుకునే తీరిక దొరకలేదు. మేడ ఉన్న ఇళ్ల మీదికి వాడవాడంతా ఎక్కింది. మేడ లేని వాళ్లు పెంకులూ రేకులూ పట్టుకున్నారు, కొందరు చెట్లెక్కారు. రహదారి మీద లారీలు నిలిచిపోతే డ్రైవర్లు క్యాబిన్ల పైకెక్కి కూర్చున్నారు. తెల్లారాక ఎన్‌డీఆర్‌ఎఫ్ పడవలు వచ్చాయి, హెలికాప్టర్లు వచ్చాయి. ఊరు ఊరంతా ఖాళీ అయ్యింది. నలుగురు వాగులో కొట్టుకుపోయారు. అదే రోజు ములుగు జిల్లా ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్న వాగు ఎనిమిది మందిని తీసుకుపోయింది.

పశువుల సంగతి వేరే చెప్పాలి. కొట్టంలో పలుపు తాడుతో కట్టేసి ఉన్న బర్రె ఈదలేదు. బర్రె ఈదడం రాక చావదు, తాడు పొడవు చాలక చస్తుంది. నీళ్లు తీశాక ఊళ్లో కనపడ్డ మొదటి నష్టం అదే. ప్రాణాలు దక్కించుకోవాలని పరుగెత్తే వాళ్లను తాళ్లు విప్పలేదేమని అడగడం న్యాయం కాదు. కానీ వాన ముసురు పట్టి వాగు ఒడ్డు దాటే వాసన వస్తున్నప్పుడు, రాత్రి పడుకునే ముందు ఆ ముడి వదులు చేసి పెట్టడం ఖర్చు లేని పని.

వరద తీశాక ఇల్లు ఎలా ఉంటుందో చూడని వాళ్ల కోసం చెబుతాను. గోడ మీద మనిషి ఎత్తున ఒక మట్టి గీత. గీత కింద సున్నం ఉబ్బి రాలుతుంది. బియ్యం బస్తా నాలుగో రోజుకు వేడెక్కి పులిసిన వాసన కొడుతుంది, చెయ్యి పెడితే కాలుతుంది. ట్రంకు పెట్టె అడుగున పట్టాదారు పాసుపుస్తకం, పిల్లల పదో తరగతి మెమో, బ్యాంకు బుక్కు, ఆధార్ కార్డు ఒకే ముద్దయి ఉంటాయి. ఆడవాళ్లు ఆ ముద్దను దోశ పెనం నుంచి లేపినంత జాగ్రత్తగా పొర పొర విడదీసి, బట్టలారేసే తాడు మీద క్లిప్పులు పెట్టి ఆరేస్తారు. నష్టపరిహారం దరఖాస్తుకు అడిగేవి సరిగ్గా ఆ కాగితాలే. సర్కారు వాళ్ల చేతిలో అవే వివరాలు కంప్యూటర్లో ఉంటాయి. అయినా తడిసిన మనిషినే జిరాక్సు తెమ్మంటారు. ఇది నాకు ఎన్నడూ అర్థం కాని పద్ధతి.

పొలం కథ ఇంకా పొడుగు. జులై ఆఖరు అంటే కొన్ని మడుల్లో నాట్లు పడ్డాయి, కొన్నింట్లో నారు ఎదురుచూస్తోంది, పత్తి మోకాలెత్తు వచ్చింది. వాగు పొలం మీది నుంచి పారితే పైరు పోవడం ఒక్కటే కాదు, ఇసుక మేట వేస్తుంది. నల్లరేగడి మీద రెండడుగుల ఇసుక పరుచుకుంటే అది పొలం కాదు. జేసీబీ గంటకు ఇంతని డబ్బు పెట్టి తీయించాలి. తీసిన ఇసుక ఎక్కడ పోయాలి? పక్కవాడి గెట్టు మీద పోస్తే తగువు. పైగా తీసేటప్పుడు ఇసుకతో పాటు పై మట్టి కూడా పోతుంది. మోటర్లు, స్టార్టర్ డబ్బాలు, పైపులు, ట్రాన్స్‌ఫార్మర్లు కొట్టుకుపోతాయి. పైరు నష్టానికి లెక్క ఉంటుంది, ఎకరానికి ఇంత అని. మోటరుకు, పూడిన బాయికి, పోయిన పై మట్టికి గడులు ఆ ఫారంలో ఎక్కడున్నాయో చూపమంటే తెల్లమొహం వేస్తారు.

భూపాలపల్లిలో ఇంకో రకం నష్టం. అక్కడ సింగరేణి గనులున్నాయి. ఓపెన్‌కాస్ట్ అంటేనే ఆకాశానికి నోరు తెరిచిన గొయ్యి. పెద్ద వాన పడ్డప్పుడు అడుగున నీళ్లు చేరతాయి, డంపర్లు తిరిగే మట్టి బాటలు జారుడుబండలవుతాయి, పని ఆగుతుంది. పంపులతో రోజుల తరబడి తోడాలి. రెగ్యులర్ కార్మికుడికి కష్టం ఒక తీరు, ఏ రోజు కూలి ఆ రోజే అయిన కాంట్రాక్టు డ్రైవరుకు ఇంకో తీరు.

2023ది ఒక్కసారి వచ్చిన ఆపద అనుకుని మరిచిపోదామంటే మరుసటి ఏడాది కుదరనివ్వలేదు. 2024 ఆగస్టు 31 రాత్రి కళింగపట్నం దగ్గర తీరం దాటిన వాయుగుండం సెప్టెంబరు 1, ఆదివారానికి మహబూబాబాద్ మీద కుమ్మరించింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు కట్ట కింద మట్టీ కంకరా కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. కాజీపేట, విజయవాడ లైను అది. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్లే బండ్లకు అదే దారి. వందల రైళ్లు రద్దయ్యాయి, కొన్ని బండ్లు చిన్న స్టేషన్లలో జనంతో సహా నిలిచిపోయాయి. ఊరివాళ్లు ప్రయాణికులకు తిండి పెట్టారు. రైల్వే వాళ్లు రాత్రీ పగలూ పనిచేసి మూడు నాలుగు రోజుల్లో మెల్లగా బండ్లు నడిపించారు. నిజంగా మెచ్చుకోవలసిన పని. కాకపోతే ఒక ప్రశ్న మిగిలింది. రైలు కట్ట అంటే ఊళ్ల మధ్య అడ్డంగా వేసిన మట్టిగోడ. ఎగువ చెరువులు మత్తళ్లు దుంకి, కట్టలు తెగి వచ్చే నీళ్లకు దాని కింద ఉన్న తూములే దారి. ఆ తూముల సైజు ఏ కాలపు వానను చూసి పెట్టారో, ఇప్పుడు పడుతున్న వాన ఎంతో, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

అదే తెల్లవారుజామున మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగు వంతెన మీదుగా పారింది. ఖమ్మం, వరంగల్ రహదారి అది. విమానాశ్రయానికి బయల్దేరిన ఒక తండ్రీ కూతురూ కారుతో సహా కొట్టుకుపోయారు. పక్కనే సీతారాం తండాలో జనం డాబాల మీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఇక్కడ డ్రైవింగ్ చేసే వాళ్లకు ఒక మాట. చీకట్లో హెడ్‌లైటు వెలుగుకు వంతెన మీది నీళ్లు నున్నగా, తక్కువగా కనిపిస్తాయి. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారును లేపగలవు. రెండడుగులు పారితే చాలా బండ్లు నిలవవు. టైరు నేలను వదిలాక స్టీరింగు మీ చేతిలో ఉన్నా లేనట్టే. పైగా ఆ నీళ్ల కింద వంతెన ఇంకా ఉందో లేదో పైనుంచి చూసే వాడికి తెలియదు.

ఇప్పుడు నా అసలు మాటకు వస్తాను. ఆకేరు మరిపెడలో పుట్టలేదు. అది జనగామ జిల్లాలో, స్టేషన్ ఘన్‌పూర్ దిక్కున మొదలై, వర్ధన్నపేట మీదుగా మహబూబాబాద్ జిల్లాలోకి దిగుతుంది. డోర్నకల్ దాటాక ఖమ్మం జిల్లా తీర్థాల దగ్గర మున్నేరులో కలుస్తుంది. మున్నేరు పాకాల చెరువు దిక్కు నుంచి వస్తుంది. రెండూ కలిసి ఖమ్మం పట్నంలోకి వెళ్లిన రోజే, ఆ సెప్టెంబరు 1న, ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకున్నారు. హెలికాప్టరు రాలేకపోతే ఒక బుల్డోజరు డ్రైవరు ప్రాణానికి తెగించి వెళ్లి వాళ్లను తీసుకొచ్చాడు. ఆ నీళ్లు అక్కడితో ఆగక కృష్ణలో పడ్డాయి. మరునాడు విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీద 11 లక్షల క్యూసెక్కులు దాటి, బ్యారేజీ కట్టినప్పటి నుంచీ ఎన్నడూ చూడనంత వరద పోయింది. అందులో మన జనగామ పొలాల మీద పడ్డ చినుకులూ ఉన్నాయి. భూపాలపల్లి వాగులేమో అటు తిరిగి గోదావరికి పోతాయి. మన మూడు జిల్లాలు రెండు నదులకు వీపులు ఆనించి కూర్చున్నాయి.

జనగామ వాళ్లు మాకు వరద ఎక్కడిది, మాది కరువు సీమ అంటారు. నిజమే, చాలా ఏళ్లు నిజమే. కానీ ఎత్తున ఉన్న ఊరికి వరద రాదు, ఎత్తున ఉన్న ఊరు వరదను పంపుతుంది. ఇప్పుడు ఇంకో మార్పు కూడా వచ్చింది. వెనకటికి జూన్, జులైలో చెరువులు పర్రెలు విచ్చి ఉండేవి. మొదటి పెద్ద వానను అవి తాగేసేవి. దేవాదుల నుంచి ఎత్తిపోసే గోదావరి నీళ్లతో వానకు ముందే కడుపు నిండుతున్న చెరువుకు ఆ ఖాళీ ఉండదు. చెరువు నిండటం మంచిదే, రైతు కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసింది దాని కోసమే. నిండిన చెరువు మీద పెద్ద వాన పడితే ఎవరికి చెప్పాలన్నది మాత్రం కొత్తగా నేర్చుకోవలసిన పని.

వెనకట ఆ పనికి మనిషి ఉండేవాడు. నీరటి. ఏ చెరువు ఎంత నిండింది, మత్తడి మీద ఎన్ని జానల నీళ్లు పోతున్నాయి, కట్ట ఎక్కడ చెమ్మగిల్లుతోంది, తూము ఎప్పుడు లేపాలి అన్నీ అతనికి తెలుసు. కాకతీయుల కాలం నుంచి మన చెరువులు ఒంటరివి కావు, గొలుసుకట్టువి. పై చెరువు మత్తడి పోస్తే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. పాకాల, రామప్ప, లక్నవరం, గణపసముద్రం అన్నీ ఆ కాలంలో కట్టినవే. గొలుసులో పై కట్ట తెగితే కింది కట్టకు ఆ భారం ఒక్కసారిగా వస్తుంది. అందుకే పై ఊరి నీరటి కింది ఊరికి కబురు పంపేవాడు. మిషన్ కాకతీయలో పూడికలు తీశాం, కట్టలు మెరుగుపరిచాం, తూములు బాగు చేశాం. నీరటిని మాత్రం మళ్లీ పెట్టలేదు. మన దగ్గర వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాన కొలిచే యంత్రాలున్నాయి. ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు పడిందో రాత్రిపూట కూడా లెక్క చేరిపోతుంది. ఆ లెక్క హైదరాబాదులో కంప్యూటరుకు తెలిసిన వేళకు, వాగు కింద నిద్రపోతున్న ఊరికి తెలుస్తోందా?

వాతావరణ శాఖ రెడ్ అలర్టు ఇస్తుంది. ఇరవై సెంటీమీటర్లు దాటే వానను అత్యంత భారీ అంటారు, దానికి పై మెట్టు లేదు. లక్ష్మీదేవిపేటలో పడ్డది ఆ మెట్టుకు మూడింతలు. అలర్టు జిల్లా పేరుతో వస్తుంది. భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్ అని ఫోను మోగుతుంది. వానాకాలంలో అది ఎన్నిసార్లు మోగుతుందో మీకు తెలుసు. పదిసార్లలో తొమ్మిదిసార్లు మన ఊళ్లో మామూలు వానే పడుతుంది. పదోసారి దుప్పటి ముసుగేసుకుంటాం. దీనికి జనాన్ని తప్పుపట్టి లాభం లేదు. జిల్లా అన్నది పరిపాలనకు గీసిన గీత. నీళ్లకు ఆ గీత తెలియదు. నాకు పనికొచ్చే కబురు వేరే ఉంది. గణపురం చుట్టుపక్కల చెరువులు, కుంటలు మత్తళ్లు దుంకుతున్నాయి, రెండు మూడు గంటల్లో మోరంచకు వరద వస్తుంది, లేవండి అని. అందులో వాగు పేరుండాలి, గంట ఉండాలి, ఏం చేయాలో ఉండాలి.

బఫెలోలో వాళ్లు ఒక మెట్టు ముందున్నారు. మంచు పట్టీ ఏ వీధి మీద నిలబడిందో, గంటకు ఎన్ని కిలోమీటర్లు ఏ దిక్కు జరుగుతోందో రాడార్ చూసి రేడియోలో చెబుతూ ఉంటారు. ఏ రోడ్ల మీద బండ్లు తిరగకూడదో అధికారులు ప్రకటిస్తారు. అంత చేసినా 2022 డిసెంబరులో జనం పోయారు. తిరగొద్దన్న మాట వచ్చేసరికి పనులకు బయల్దేరిన వాళ్లు దారిలో ఉన్నారు. చెప్పడంలో గంట ఆలస్యం ఎంత ఖరీదో ఆ ఊరు నేర్చుకుంది.

మనం చేయగలిగినవి పెద్ద బడ్జెట్టు అక్కరలేనివి. ఒక్కో వాగుకూ ఎగువ ఊళ్ల జాబితా, దిగువ ఊళ్ల జాబితా గ్రామ పంచాయతీ గోడ మీద రంగుతో రాయించవచ్చు. సర్పంచి, కార్యదర్శి, వీఓఏ అక్క, ఆశా అక్క, ఇంకొక ఇద్దరు యువకుల ఫోన్ నంబర్లు వాగు లెక్కన ఒక గ్రూపు చేయవచ్చు, మండలం లెక్కన కాదు. ఆకేరుకు ఒకటి, మున్నేరుకు ఒకటి, మోరంచకు ఒకటి. ఘన్‌పూర్ వాడూ మరిపెడ వాడూ ఒకే గ్రూపులో ఉండాలి. జిల్లాలు వేరైనందుకు వాళ్లిద్దరూ ఇప్పటిదాకా ఒకరికొకరు తెలియదు. కరెంటు పోయి, టవరు చచ్చి, ఫోను మూగబోయే రాత్రికి డప్పు ఉంది. అర్ధరాత్రి డప్పు మోగితే ఊరు లేవకుండా ఉండదు. డప్పు కొట్టే మనిషికి వానాకాలం నాలుగు నెలలు పంచాయతీ నుంచి జీతం ఇవ్వాలి. ఊరికే కొట్టమనడం పాత దొరతనపు అలవాటు, అది వద్దు. సెల్లు వేసిన చిన్న రేడియో కూడా ఇంట్లో ఉండాలి. రేడియోలో కూర్చుని ఈ మాట చెబితే సొంత డబ్బా కొట్టుకున్నట్టుంటుంది గానీ, 2023లో సిగ్నల్ పోయిన ఊళ్ల వాళ్లను అడిగి చూడండి.

2025 అక్టోబరు ఆఖర్లో మొంథా తుపాను తీరం దాటి వచ్చినప్పుడు హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో 40 సెంటీమీటర్లు దాటింది. ఈసారి డోర్నకల్ స్టేషన్‌లో పట్టాలు మునిగాయి. జులైలో వస్తే నారు పోయేది, సెప్టెంబరులో వస్తే పూత పోయేది. అక్టోబరులో వచ్చింది కాబట్టి కల్లాల్లో ఆరబోసిన వడ్లు, చేను మీద పగిలిన పత్తి పోయాయి. మూడేళ్లలో మూడుసార్లు, మూడు వేర్వేరు నెలల్లో. కాబట్టి ఫలానా కార్తెలో జాగ్రత్తగా ఉంటే చాలు అనే రోజులు కావివి. కొనుగోలు కేంద్రాల్లో టార్పాలిన్లు నవంబరు దాకా సరిపడా ఉంచడం, తేమ శాతం ఎక్కువని రైతును వెనక్కి పంపకుండా డ్రైయర్లు పెట్టడం మార్కెటింగ్ శాఖ చేయాల్సిన పని. అది ఏటా అక్టోబరు మొదటి వారంలోనే అడగాలి, వడ్లు మొలకలొచ్చాక కాదు.

వచ్చే గ్రామసభలో అజెండాలో రోడ్డు, మోరీ, వీధిదీపం ఉంటాయి. వాటి పక్కన ఇంకో అంశం రాయించండి. మన వాగుకు పైన ఏయే చెరువులున్నాయి, వాటి కట్టల మీద రాత్రి కాపలా ఎవరిది, కింద ఏ ఊరికి మనం ఫోన్ చేయాలి. జఫర్‌గఢ్‌లో, రఘునాథపల్లిలో, నెల్లికుదురులో, గణపురంలో ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే జవాబు చెప్పడానికి కార్యదర్శి దగ్గర కాగితం ఉండాలి. లేకపోతే ఆ సభలోనే కూర్చుని రాయండి, అరగంట పని. కాగితం మీద పేర్లు రాశాక ఒక రోజు పగటిపూట ఉత్తుత్తిగా ఫోన్ చేసి చూడండి. ఎత్తని నంబర్లు అప్పుడే బయటపడతాయి.